సభ ముగిసేదాకా బంతి కదలరాదు

కిందటేడు జాతీయ ఫుట్‌బాల్ కప్పు ఫైనల్లో ఒక ఘోరం జరిగింది. ఆట వేళకి మొదలైంది.

ముఖ్య అతిథిగారి కారు స్టేడియం గేటు దాటేసరికి మైదానంలో ఇరవై రెండుమంది చెమటలు కక్కుతూ పరుగెడుతున్నారు. ఆయన కారు దిగి, పంచె సర్దుకుని, గ్యాలరీల వైపు తిరిగీ తిరగగానే జనమంతా ఒక్కసారిగా లేచి నిలబడి కేకలు పెట్టారు. అంతటి అభిమానం ఆయన తన రాజకీయ జీవితంలో ఎన్నడూ ఎరగడు. కళ్ళు చెమర్చాయి. రెండు చేతులూ ఎత్తి నలుదిక్కులా నమస్కారాలు పెట్టాడు. పక్కనున్న పీఏ ఉండబట్టలేక, "సార్, గోలు పడిందండీ" అన్నాడు.

ఆ పీఏని మర్నాడే బదిలీ చేశారు. గోలు కొట్టినవాణ్ణి ఏం చెయ్యాలో మాత్రం ఎవరికీ తోచలేదు. అప్పుడు జాతీయ పాదకందుక సమాఖ్యవారు ఒక కమిటీ వేశారు. అందులో విశ్రాంత న్యాయమూర్తి ఒకరు, సభానిర్వహణలో డాక్టరేటు పుచ్చుకున్న ఆచార్యులొకరు, షామియానాల వ్యాపారి ఒకరు ఉన్నారు. ఫుట్‌బాల్ ఆడినవాళ్ళని వేస్తే నిష్పక్షపాతంగా ఉండదని వెయ్యలేదు. కమిటీ ఆలోచించి ఆలోచించి 'సభాపూర్వక క్రీడా నియమావళి' అని ఒకటి తయారుచేసింది. అందులోని మొదటి నియమం ఇది: "ఆహూతుల ఆగమనమునకు పూర్వమే బంతి చలించుట అతిథి మర్యాదకు విఘాతము. కావున ప్రతి పోటీకి ముందు ప్రారంభసభ శాస్త్రోక్తముగా జరుగవలెను. సభ ముగిసేదాకా బంతి కదలరాదు."

రెండో నియమం ఇంకా ముఖ్యమైనది. సభ ముగిసేసరికి చీకటిపడితే ఆట ఉండదు. సభ ఎవరు బాగా చేశారో చూసి, మార్కులు వేసి, గెలుపు నిర్ణయిస్తారు. ఇది నాకౌట్ పోటీ. ఓడిన జట్టు ఇంటికి, గెలిచిన జట్టు పై రౌండుకి. మార్కులు తగ్గినవాళ్ళు కూడా ఇంటికే.

ఇక నా సంగతి. నా పేరు చంద్రమౌళి. అనంతపురం జిల్లా రాళ్ళమిట్టలో నాకు విత్తనాల దుకాణం ఉంది. రాళ్ళమిట్ట స్పోర్టింగ్ క్లబ్బుకి కార్యదర్శిని కూడా నేనే. ఊళ్ళో ఆ పనికి ఇంకెవరూ ఒప్పుకోలేదు. ఆట గురించి నాకు తెలిసింది తక్కువ. బంతి గుండ్రంగా ఉంటుందనీ, చేత్తో ముట్టుకుంటే ఈల వేస్తారనీ తెలుసు. కాని దేవుడు నాకొక విద్య ఇచ్చాడు. అది వందన సమర్పణ. మా తాలూకాలో ఏ సభ జరిగినా ఆఖర్న మైకు నా చేతికే ఇస్తారు. కుర్చీలు వేసినవాడి దగ్గర్నుంచి కరెంటు తీయకుండా ఉన్న లైన్‌మన్ దాకా ఒక్కరినీ వదలను. జనం లేచిపోతుంటే లేచిపోతున్నవాళ్ళకి కూడా కృతజ్ఞతలు చెబుతాను.

మా జట్టు ఈ ఏడే మొదటిసారి జాతీయ కప్పులో అడుగుపెట్టింది. అడుగుపెట్టించినవాడు దాదా ఖలందర్. గ్రిల్లులు, గేట్లు వెల్డింగ్ చేస్తాడు. సాయంత్రం కాగానే కొలిమి మసితోనే మైదానానికి వస్తాడు. జిల్లా పోటీల్లో వాడు కొట్టిన గోల్స్ చూసి పక్క జిల్లా గోలీ ఒకడు ఆట మానేసి ఆటో నడుపుకుంటున్నాడు. వాడికి అప్పుడే ముప్పయ్యేళ్ళు నిండవస్తున్నాయి. వెల్డింగ్ మంట చూసీ చూసీ కళ్ళు పాడయ్యాయి. రాత్రిళ్ళు ఇసుక పోసినట్టు మండుతాయట. ఆ పని మానకపోతే చూపు దక్కదని డాక్టరు చెప్పేశాడు. ఒక పెద్ద ప్రభుత్వ సంస్థలో క్రీడాకారుల కోటాలో ఉద్యోగం ఉంది. దానికి రెండే షరతులు. ముప్పయ్యేళ్ళు నిండకూడదు. జాతీయ కప్పులో ఒక్క గోలైనా కొట్టి ఉండాలి.

"ఒక్క గోలే గదన్నా," అన్నాడు ఖలందర్ కప్పు మొదలయ్యే ముందు. "బంతి కాలికి రావల్ల, అంతే. మిగిలింది నేను చూసుకుంటా."

పాపం, బంతి కాలికి రావడమే కష్టమని ఆ అమాయకుడికి తెలియదు.

మొదటి పోటీ మా ఊళ్ళోనే. కోస్తానుంచి ఒక ఓడరేవు జట్టు వచ్చింది. సమాఖ్య ప్రధాన కార్యదర్శి దండపాణిగారే స్వయంగా పరిశీలకులుగా వేంచేశారు. ఆయన మన తెలుగువారే కావడం మన అదృష్టం. ఆయన నోట మామూలు మాట రాదు. మంచినీళ్ళు కావాలంటే "దాహశాంతికి అవకాశం ఉందా?" అంటారు. వచ్చీ రాగానే మైదానం చూసి ముఖం చిట్లించారు.

"గోలు స్తంభాలు మరీ దిగంబరంగా ఉన్నాయి. మంగళకరంగా లేవు. అరటిచెట్లు కట్టించండి" అన్నారు.

కట్టించాం. గెలలతో సహా కట్టించాం. మధ్యాహ్నం మూడింటికి సభ. ముఖ్య అతిథి నాలుగున్నర దాటాక వచ్చారు. మా అనంతపురం గాలి సంగతి మీకు తెలుసుగా, జ్యోతి వెలిగిస్తే ఆరిపోతుంది, వెలిగిస్తే ఆరిపోతుంది. చివరికి మా గోలీ, బ్యాకులూ చుట్టూ గోడలా నిలబడితే వెలిగింది. ఆ సీజన్లో మా రక్షణ శ్రేణి చేసిన మొదటి రక్షణ అదే. తర్వాత ప్రార్థన, స్వాగతోపన్యాసం, అధ్యక్షోపన్యాసం, ఆత్మీయ అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి. ఆటగాళ్ళు ఎండలో వరసగా నిలబడి వింటున్నారు. ఓడరేవు జట్టు కుర్రాడొకడు స్పృహతప్పి పడిపోతే చప్పట్లు కొట్టలేదని మార్కులు తగ్గించారు.

సభ ముగిసేసరికి పొద్దు గుంకే వేళ. రిఫరీ ఈల వేశాడు. బంతి ఖలందర్ కాలికి వచ్చింది. వాడు చెప్పినట్టే మిగిలింది వాడు చూసుకున్నాడు. ఇద్దర్ని తప్పించి, మూడోవాణ్ణి మోసంచేసి, ఎడమకాలితో ఒక్కటి ఇచ్చాడు. బంతి గోలీ తలమీదుగా దూసుకుపోయి, స్తంభానికి కట్టిన అరటిగెలలో ఇరుక్కుపోయింది.

రిఫరీ దండపాణిగారి వైపు చూశాడు. దండపాణిగారు నియమావళి తెరిచారు. "అలంకరణ సభలో అంతర్భాగం. సభ ముగిసిన పిమ్మట సభాలంకరణలో ప్రవేశించుట అతిక్రమణ. గోలు కాదు" అన్నారు. ఈలోగా చీకటిపడింది. మార్కులు చూశారు. ఓడరేవువాళ్ళు వందన సమర్పణ అయిదు నిమిషాల్లో తేల్చేశారు. నేను మాత్రం వాళ్ళ బస్సు డ్రైవరుకీ, మైకు సెట్టు బషీరుకీ, చివరికి మళ్ళీ ఆరిపోకుండా వెలిగిన జ్యోతికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాను. దండపాణిగారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. మేం గెలిచాం.

జనం నన్ను భుజాలమీద ఎత్తుకుని ఊరేగించారు. ఖలందర్ నిచ్చెన వేసుకుని గెలలోంచి బంతి తీస్తూ కనిపించాడు.

"గెలిచినామంటాండారు," అన్నాడు. "యాడ గెలిచినామన్నా మనం?"

"మార్కుల్లోరా!" అన్నాను గర్వంగా.

"మార్కులు వాళ్ళకి చూపిస్తే ఉద్యోగమిస్తారా?"

"పై రౌండు ఉంది గదా. అక్కడ కొడతావులే" అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే ఒళ్ళు మండుతుంది.

మా గెలుపు సంగతి దేశమంతా పాకింది. జట్లన్నిటికీ జ్ఞానోదయమైంది. ఒక పెద్ద క్లబ్బు తన విదేశీ కోచ్‌ని పంపేసి, పెళ్ళిళ్ళకి వ్యాఖ్యానం చెప్పే ఆయన్ని పెట్టుకుంది. ఇంకొక క్లబ్బు సెంటర్ ఫార్వర్డుని అమ్మేసి, ఆ డబ్బుతో ప్రార్థనగీతం పాడే అక్కాచెల్లెళ్ళని కొన్నది. మా కోచ్ ఓబులేసు సారు హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరైనాయన. ఆయన ఒక్కడే మొండికేశాడు.

"ఇది ఆటనా, పెండ్లి మర్యాదనా మౌళీ?" అన్నాడు ఈల విసిరికొట్టి.

"పై రౌండుకి పోవాలా వద్దా సార్?" అన్నాను.

ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు. మర్నాటినుంచి మా సాధన మారిపోయింది. వింగర్లిద్దరూ జ్ఞాపికల పళ్ళేలు పట్టుకుని వేదిక ఎక్కడం, దిగడం. పొడుగ్గా ఉన్నాడని సెంటర్ బ్యాకుని బ్యానరు పట్టుకోవడానికి వేశాం. గోలీకి మంచి చేతులున్నాయి, అతిథి మెళ్ళోంచి తీసి విసిరే దండల్ని నేలమీద పడకుండా పట్టడం అతని పని. శాలువా కప్పడానికి నిలకడైన చెయ్యి కావాలి. మంట ముందు ఇనుప ముక్కల్ని కదలకుండా పట్టుకునే చెయ్యి మా జట్టులో ఒకటే ఉంది. కనుక ఖలందర్‌ని శాలువాకి వేశాం.

"నేను ఫార్వర్డునన్నా" అన్నాడు.

"ఇప్పుడు కూడా ముందుకే పోవాలి కదరా, అతిథి దగ్గరికి" అని సర్దిచెప్పాను.

రెండో రౌండు ఈశాన్యపు కొండల్లో. ఆ కుర్రాళ్ళు అద్భుతంగా ఆడతారట. ఆడగా చూసే అవకాశం మాకు కలగలేదు. ప్రార్థనగీతం నాలుగు గొంతుల్లో కలిపి పాడి మమ్మల్ని ఏడిపించారు. ఓడిపోయాం అనుకున్నాం. అయితే వాళ్ళ కెప్టెను ఉత్సాహం పట్టలేక ముఖ్య అతిథి కంటే ముందు వేదిక ఎక్కేశాడు. లైన్స్‌మన్ జెండా ఎత్తాడు.

"ఆఫ్‌సైడ్!" అన్నారు దండపాణిగారు. "ముఖ్య అతిథికి పూర్వమే వేదికారోహణ!"

ఆ కెప్టెను వేదిక మీదే కూలబడి ఏడ్చాడు. అది సభామర్యాద కాదని పసుపు కార్డు కూడా చూపించారు.

మళ్ళీ మా ఊళ్ళోనే జరిగిన క్వార్టర్ ఫైనల్ నాటికి సమాఖ్యవారికి ఒక కొత్త సమస్య వచ్చిపడింది. వేదిక మైదానం పక్కన ఉండటం వల్ల ప్రేక్షకుల చూపు మైదానం మీదికి పోతోంది. అక్కడేమీ జరగకపోయినా పోతోంది. కనుక వేదికని మైదానం నడిమధ్యలోకి మార్చారు. అప్పుడు గోలు స్తంభాలు అడ్డొచ్చాయి. వెనక కూర్చున్నవాళ్ళకి అతిథి ముఖం కనబడటం లేదు. స్తంభాలు పీకించారు.

ఖలందర్ ఖాళీ మైదానం చూసి దండపాణిగారి దగ్గరికి పరుగెత్తాడు. వాడి వెనకే నేను.

"సార్, గోల్‌పోస్టులు ల్యావు గదా. నేను యాడికి కొట్టల్ల?"

దండపాణిగారు వాడి భుజం మీద చెయ్యి వేశారు. "నాయనా, గోలు అనేది ఒక భావన. దానిని రెండు స్తంభాల నడుమ బంధించుట సంకుచితత్వం. నీవు విశాలంగా ఆలోచించు."

"విశాలంగా కొడితే ఉద్యోగం వస్తాదా సార్?"

"ఉద్యోగమా!" ఆయన నావైపు తిరిగారు. "క్రీడల్లోకి స్వార్థం ప్రవేశించడం బాధాకరం చంద్రమౌళిగారూ."

ఆనాటి మా ప్రత్యర్థులు తూర్పుదిక్కున ఒక మహానగరం జట్టు. ఆ ఊళ్ళో ఫుట్‌బాల్ అంటే ప్రాణం ఇస్తారు. వాళ్ళు పీకిన స్తంభాల దగ్గర బైఠాయించి "బంతి వెయ్యండి, బంతి వెయ్యండి" అని నినాదాలు చేశారు. సభాధిక్కారం కింద మొత్తం జట్టుకి ఎర్రకార్డు చూపించారు. వాళ్ళు పోతూ పోతూ ఖలందర్‌తో చెయ్యి కలిపారు. వాళ్ళ భాష వీడికి రాదు, వీడి భాష వాళ్ళకి రాదు. అయినా చాలాసేపు మాట్లాడుకున్నారు.

సెమీఫైనల్లో రెండు జట్లకీ మార్కులు సమానం. అటువంటప్పుడు సన్మాన షూటౌట్ ఉంటుంది. ఒక్కో జట్టుకీ అయిదుగురు అతిథులు, అయిదు శాలువాలు. అతిథి భుజం మీద నిలిస్తే ఒకటి, జారితే సున్నా. అందరూ కప్పారు. అవతలివాళ్ళది ఒకటి జారింది. మాకు చివరి శాలువా మిగిలింది. మా అయిదో అతిథి మహా స్థూలకాయుడు, పైగా భుజాలు వాలి ఉన్నాయి. ఖలందర్ వెనక్కి నడిచి, ఒక క్షణం ఆగి, ముందుకి వచ్చి ఒక్క విసురులో కప్పాడు. శాలువా అతికించినట్టు కూర్చుంది.

మేం ఫైనల్‌కి వచ్చాం. కేరింతల మధ్య వాడు నా దగ్గరికొచ్చి, చెవిలో అడిగాడు.

"అన్నా, దీన్నన్నా గోలని రాస్తారేమో అడుగు."

నవ్వొచ్చి ఆగిపోయాను. వాడు నవ్వడం లేదు. పోయి దండపాణిగారిని అడిగాను. "సాంకేతికంగా అది అంగవస్త్రం" అన్నారాయన.

ఆ రాత్రి హోటల్లో నా మెళ్ళో దండలు తీసి మంచం మీద పడేశాను. దేశంలోకెల్లా ఉత్తమ వందన సమర్పకుడని పేపర్లన్నీ నా ఫొటో వేశాయి. ఒక్క పేపర్లోనూ ఖలందర్ లేడు. ఫైనల్ అయిన వారానికి వాడికి ముప్పయ్యేళ్ళు నిండుతాయి. వాడి గోలుని నేను మింగేశానని అప్పుడు తెలిసింది. చాలా సిగ్గేసింది. ఆ మైకుతోనే ఏదో ఒకటి చెయ్యాలని గట్టిగా అనుకున్నాను.

ఫైనల్ హైదరాబాదులో. అక్కడొక ఆశ ఉంది, ఫ్లడ్‌లైట్లు. చీకటి పడదు. చీకటి పడకపోతే నియమం ప్రకారం ఆట ఆడించక తప్పదు. ఇంకొక ఆశ, ఆ స్టేడియంలో గోలు స్తంభాలు కాంక్రీటులో పాతారు. వాటిని పీకడానికి కాంట్రాక్టరు దొరకలేదు. ఖలందర్ ముఖం వెలిగిపోయింది.

కాని సమాఖ్యవారు తక్కువవాళ్ళా? రాత్రి తొమ్మిదికల్లా స్టేడియం ఖాళీ చెయ్యాలి. అప్పటిదాకా సరిపోయేటట్టు ఉపన్యాసకుల్ని పిలిచారు. ముఖ్య అతిథి ఎవరనుకున్నారు? కిందటేడు అవమానం పొందిన ఆ పెద్దాయనే. ఆయన మనసు తేలికపరచడానికే ఇంత కష్టం. అందుకని ఆ రోజు ఆడవలసిన బంతినే గాజుపెట్టెలో పెట్టి, కింద ఇత్తడి పలక బిగించి, ఆయనకి జ్ఞాపికగా ఇచ్చేశారు.

"బంతి ఆయనకిచ్చేస్తే మేమేంటితో ఆడల్ల సార్?" అన్నాడు ఓబులేసు సారు.

"స్ఫూర్తితో" అన్నారు దండపాణిగారు.

ఎనిమిదిన్నర అయింది. ఉపన్యాసాలు ముగిశాయి. ఇక మిగిలింది వందన సమర్పణ. సరిగ్గా అప్పుడే, అన్ని సభల్లోనూ జరిగినట్టే, ముఖ్య అతిథి వాచీ చూసుకుని లేచారు. వేరే అత్యవసర కార్యక్రమం ఉందన్నారు. కొత్త పీఏ గాజుపెట్టె చంకలో పెట్టుకున్నాడు. అంటే బంతి కారెక్కుతోంది. కింద మైదానంలో రెండు జట్లూ దండలు, పళ్ళేలు పట్టుకుని బారులు తీరి ఉన్నాయి. ఖలందర్ చేతుల్లో శాలువాల పళ్ళెం. వాడు గాజుపెట్టె వైపే చూస్తున్నాడు.

నేను ఒక్క అంగలో మైకు అందుకున్నాను.

"గౌరవనీయులు ముఖ్య అతిథిగారికి పాదాభివందనం. వారి వాక్కు విన్నాం, ధన్యులమయ్యాం. వారి హస్తాన్ని స్పృశించాం, పునీతులమయ్యాం. కాని వారి పాదం! ఫుట్‌బాల్ పాదాలతో ఆడే ఆట. ఆ పాదస్పర్శ లేకుండా ఈ కప్పుకి సార్థకత ఎక్కడిది? కిందటేడు జనం ఎందుకు లేచి నిలబడ్డారో కొందరికి సందేహం ఉంది. ఈసారి వారు స్వయంగా బంతిని తన్నితే జనం ఎందుకు లేస్తారో లోకమే చూస్తుంది!"

పెద్దాయన ఆగిపోయారు. ముఖంలోకి రక్తం వచ్చింది. "ఏదీ, ఆ పెట్టె తియ్యవయ్యా" అన్నారు. దండపాణిగారు నియమావళి తిరగేస్తున్నారు. ముఖ్య అతిథి ఏం చెయ్యకూడదో అందులో ఎక్కడా రాయలేదు.

పీఏ బంతి తీసి వేదిక అంచున పెట్టాడు. పెద్దాయన పంచె ఎగగట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి, వచ్చి తన్నారు. ఆయన చెప్పు చాలా దూరం పోయింది. బంతి మాత్రం దొర్లుకుంటూ వేదిక అంచు దాటి గడ్డిమీద పడింది.

పళ్ళెం నేల రాలిన చప్పుడు విన్నాను. ఖలందర్ కదిలాడు. అది చూసి ఎదుటి జట్టు బ్యాకులు కూడా దండలు పారేసి వాడి మీదికి వచ్చారు. సీజనంతా జ్ఞాపికలు మోసిన కాళ్ళు అవి. ఎంత ఆకలి మీదున్నాయో! ఒకడు అడ్డంగా జారాడు, ఖలందర్ ఎగిరి దాటాడు. ఇంకొకడు భుజంతో గుద్దాడు, తూలి నిలదొక్కుకున్నాడు. ఎదుటి గోలీ చేతుల్లోని కర్పూరహారం విసిరేసి గోలు ముందుకి పరుగెత్తాడు. ఆ గోలీ దూకిన దూకుడు నేను చచ్చేదాకా మర్చిపోను. పక్షిలాగా గాల్లో తేలాడు. వేళ్ళు బంతిని ముట్టాయి కూడా. అయినా బంతి పైమూలలో వలని చీల్చేటట్టు తగిలింది.

స్టేడియం పేలిపోయింది. నాకు తెలియకుండానే మైకులో ఏడుస్తున్నాను. ఎదుటి జట్టువాళ్ళే ఖలందర్‌ని ఎత్తుకున్నారు. మా ఓబులేసు సారు పోయి వలని ముట్టుకుని, ఇంకా కదులుతోందా లేదా అని చూస్తున్నాడు.

దండపాణిగారు పాలిపోయి నా చేతిలోంచి మైకు లాక్కున్నారు. "వందన సమర్పణ ముగియలేదు! సభ ముగియలేదు! సభ ముగిసేదాకా బంతి..."

"ముఖ్య అతిథిగారు తన్నిన బంతి చెల్లదంటారా సార్?" అన్నాను.

ఆయన మళ్ళీ నియమావళి తెరిచారు. పక్కన ముఖ్య అతిథి ఒంటికాలి చెప్పుతో నిలబడి, లేచి అరుస్తున్న జనానికి రెండు చేతులా నమస్కారాలు పెడుతున్నారు. బుగ్గలమీద కన్నీళ్ళు.

"స్కోరు ఎంతయ్యా?" అని అడిగారు.

"ఒకటి సున్నా సార్" అన్నాడు పీఏ.

"ఎవరు గెలిచారు?"

కొత్త పీఏ పాతవాడి గతి ఎరిగినవాడు. "మీరే సార్" అన్నాడు.

దండపాణిగారి ముఖం వికసించింది. ఇంత పెద్ద చిక్కుముడిని ఇంత తేలిగ్గా విప్పినవాణ్ణి ఆయన జన్మలో చూసి ఉండరు. వెంటనే ప్రకటించారు. బంతికి చలనం కలిగించినది ముఖ్య అతిథిగారి పాదం. పిదప దారిలో ఎవరెవరి కాళ్ళు తగిలినా అవి నిమిత్తమాత్రములు. కనుక గోలు వారిదే. వారు ఏ జట్టుకీ చెందినవారు కారు. కనుక ఫైనల్లో రెండు జట్లనూ ఓడించి, జాతీయ కప్పుని ముఖ్య అతిథిగారు గెలుచుకున్నారు. రెండు జట్లూ ఇంటికి.

బుద్ధిగా కప్పు ఆయన చేతుల్లో పెట్టి, శాలువా కప్పి పంపించాం. సమాఖ్య రికార్డులో ఇలా రాశారు: గోలు, ముఖ్య అతిథిగారు. సహకారం, దాదా ఖలందర్.

ఖలందర్ కాగితాలు పట్టుకుని నేను ఆ ప్రభుత్వ సంస్థకి పోయాను. అక్కడి అధికారి చాలా మర్యాదస్థుడు. కుర్చీ వేసి టీ ఇప్పించాడు. "సహకారానికి మా దగ్గర పోస్టు లేదండీ. గోలు కొట్టినవారికి నిన్ననే నియామకపత్రం పంపాం" అన్నాడు.

"ఎవరికి?"

"గోలు కొట్టినవారికి."

"ఆయనకి డెబ్భై రెండేళ్ళండీ!"

"వయసు సడలింపు వచ్చిందండీ" అన్నాడు. పెద్దాయన మాత్రం ఎంతో వినయంగా ఆ ఉద్యోగం వద్దన్నారట. ప్రజాసేవలో తీరిక లేదని, ఆ క్రీడాస్ఫూర్తి తమ కుటుంబంలోనే ఉంటుందని రాసి, మేనల్లుడి పేరు సూచించారట. మేనల్లుడు చేరిపోయాడు కూడా.

ఊరికి తిరిగివచ్చాను. ఖలందర్‌కి ముఖం ఎలా చూపించాలో తెలియలేదు. రెండు రోజులు దుకాణంలోనే దాక్కున్నాను. మూడోనాడు సాయంత్రం మైదానం వైపునుంచి చప్పుళ్ళు వినబడితే పోయి చూశాను. వాడక్కడున్నాడు. నల్ల కళ్ళజోడు పెట్టుకుని, ఇనుప పైపులు అతుకుతున్నాడు. సమాఖ్య పీకించిన మా గోలు స్తంభాల చోట కొత్తవి నిలబెడుతున్నాడు. ఓబులేసు సారు పైపు పట్టుకుని నిలబడ్డాడు. జట్టంతా గడ్డిమీద కూర్చుని ఉంది.

సంగతంతా చెప్పాను. మేనల్లుడి దాకా చెప్పాను. వాడు కళ్ళజోడు తియ్యకుండా విన్నాడు.

"గోలు మాత్రం పడింది గదన్నా," అన్నాడు చివరికి. "వాళ్ళేమన్నా రాసుకోనీ. నా కాలుకి తెలుసు."

"కళ్ళో?" అన్నాను.

"కళ్ళదేముంది. ఉన్నన్ని దినాలు బంతి కనపడితే సాలు."

స్తంభాలు నిలబడ్డాయి. ఎవరో వల కట్టారు. వాడు బంతి తెచ్చి మధ్యలో పెట్టాడు. సాయంత్రపు వెలుగు ఇంకా చాలా ఉంది. గాలి కూడా ఆ రోజు మంచిగా ఉంది. ఏదో ఒకటి అనాలి కదా అని, ఇన్నాళ్ళ అలవాటు కొద్దీ నా నోటినుంచి మాట జారింది.

"ప్రారంభానికి ఎవరినన్నా పిలుద్దామా?"

ఖలందర్ నావైపు చూశాడు. తర్వాత బంతివైపు చూశాడు. తర్వాత తన్నాడు. అది సూటిగా వచ్చి నా ముఖానికి తగిలింది. నా కళ్ళజోడు విరిగి, ముక్కులోంచి రక్తం కారుతూ వెల్లకిలా పడ్డాను. జట్టంతా కడుపుబ్బ నవ్వుతోంది. అందరికంటే గట్టిగా ఖలందరే నవ్వుతున్నాడు. ఆ సీజన్లో నాకు చాలా సన్మానాలు జరిగాయి. నాకు తగిన సన్మానం మాత్రం అదొక్కటే.